పెచ్చులూడిన గోడ: ఒక పాత ఇంటి దగ్గర నేర్చుకున్న పాఠం

తెనాలి దగ్గర ఒక పల్లెలో మా అమ్మమ్మ ఉంటుంది. తాతయ్య పోయాక నాలుగేళ్లుగా ఒక్కతే. ఆవిడ పడుకునే గదిలో ఉత్తరం గోడ కింది భాగం రోజూ కాస్త కాస్త రాలేది. పొద్దున్నే లేచి ఆవిడ చేసే మొదటి పని దుప్పటి దులుపుకోవడం, రెండోది గోడ వార ఊడ్చుకోవడం. వానాకాలం వచ్చిందంటే గదంతా చెమ్మ వాసన, ఆవిడకి దగ్గు.

పోయిన ఏడాది దసరాకి అందరం కలిసినప్పుడు మావయ్య తేల్చి చెప్పేశాడు. "వచ్చే వానలకి ఈ గదిలో నువ్వు ఉండటానికి వీల్లేదమ్మా. ఇల్లు అమ్మేద్దాం, హైదరాబాద్ వచ్చెయ్." ఆయన మాటలో తప్పేమీ లేదు. ఒక కాంట్రాక్టర్‌ని పిలిచి చూపిస్తే, గది మొత్తం కొట్టేసి సిమెంటు ప్లాస్టరింగ్ చేసి, పుట్టీ పెట్టి, పెయింట్ వేయడానికి 38,000 రూపాయలు అన్నాడు. అమ్మమ్మ దగ్గర అంత లేదు. మావయ్యకి అప్పుడే ఫ్లాట్ లోన్ మొదలైంది. అమ్మమ్మ మాత్రం ఒక్క మాటే అంది: "గోడదేముందిరా, బాగుచేస్తే బాగవుతుంది."

ఈ వ్యాసం ఆ గోడ గురించి. నేను సివిల్ బ్రాంచ్ కాదు, కంప్యూటర్ సైన్స్. ఆ గోడ మీద ఒకసారి తప్పుగా, ఒకసారి సరిగ్గా పని చేశాను. రెండూ చెప్తాను. మనలో చాలామందికి ఊళ్లో ఒక పాత ఇల్లు, అందులో పెచ్చులూడే ఒక గోడ ఉంటాయి కాబట్టి ఎవరికైనా పనికొస్తుందని ఆశ.

మొదటి ప్రయత్నం, అంటే తప్పు

సంక్రాంతి సెలవుల్లో యూట్యూబ్‌లో ఒక ఆరు వీడియోలు చూసి రంగంలోకి దిగాను. 20 కిలోల వైట్ సిమెంట్ పుట్టీ, ఒక డబ్బా ప్రైమర్, పుట్టీ పెట్టే రేకులు, ఎమరీ పేపర్ కొన్నాను. మొత్తం 1,450 రూపాయలు. హ్యాకథాన్‌లో మా టీమ్‌కి వచ్చిన ప్రైజ్‌లో నా వాటా సగానికి పైగా అక్కడే అయిపోయింది.

ఊడిపోతున్న చోట పైపైన గీకి, గుంటల్లో పుట్టీ నింపి, ఆరాక రుద్ది, రెండో పూత వేశాను. సాయంత్రానికి గోడ అద్దంలా ఉంది. ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాను. అందరూ చప్పట్లు కొట్టారు.

ఉగాదికి వెళ్లేసరికి ఆ పుట్టీ అప్పడంలా ఉబ్బి ఉంది. గోరు పెడితే అరచేతంత పెచ్చు ఊడి వచ్చింది. దాని వెనక వైపు చూస్తే పాత సున్నం పొరలన్నీ అంటుకుని ఉన్నాయి. అంటే నా పుట్టీ గోడని పట్టుకోలేదు, గోడ మీద వదులుగా ఉన్న సున్నం పొడిని పట్టుకుంది. ఆ పొడికి గోడ మీద పట్టు లేదు. రెండూ కలిసి వచ్చేశాయి.

అప్పుడు అమ్మమ్మ మా వీధి చివర ఉండే పెద్ద మేస్త్రీ గారిని పిలిపించింది. ఆయన పనులు మానేసి చాలా కాలమైంది. కుర్రతనంలో గానుగ సున్నంతో ఇళ్లు కట్టిన మనిషి. గోడని పైనుంచి కిందికి చూసి, వేలి కణుపులతో నాలుగు చోట్ల కొట్టి, నన్ను అడిగాడు: "ఏమ్మా, దీనికి ఏం జబ్బో తెలుసుకున్నావా, ముందే మందేసేశావా?"

జవాబు నా దగ్గర లేదు. అసలు పాఠం అక్కడ మొదలైంది.

గోడ లోపల ఏం జరుగుతోంది

ఇల్లు 1958లో కట్టారని అమ్మమ్మ చెప్తుంది. ఇటుక, సున్నం. సిమెంటు లేదు. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోంచి కార్బన్ డయాక్సైడ్ పోయి పొడి సున్నం మిగులుతుంది. దాన్ని నీళ్లలో వేస్తే సలసలా కాగి తడి సున్నం అవుతుంది. ఆ తడి సున్నాన్ని గోడకి పూస్తే, గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ని మెల్లగా మళ్లీ పీల్చుకుని తిరిగి రాయి అవుతుంది. ఇంటర్ కెమిస్ట్రీలో ఈ మూడు సమీకరణాలూ నేను బట్టీ పట్టాను. అవి అమ్మమ్మ గోడ మీద ఉన్నాయని మాత్రం తెలీదు.

సున్నం పూత మెత్తన. దానికి సన్నటి రంధ్రాలు ఉంటాయి. గోడలోకి ఎంతో కొంత తడి చేరితే, ఆ రంధ్రాల్లోంచి ఆవిరై బయటికి పోతుంది. మా ఊరు కృష్ణా డెల్టాలో ఉంది. చుట్టూ కాలవలు, పక్కనే వరి చేలు, కాస్త తవ్వితే నీళ్లు. పాతకాలం ఇటుక గోడ పునాది నుంచి ఆ తడిని వత్తిలా పైకి పీలుస్తుంది. తెలుగు మీడియం ఫిజిక్స్ పుస్తకంలో దీన్ని కేశనాళికీయత అంటారు. నాలాంటి ఇంగ్లీష్ మీడియం వాళ్లకి ఆ మాట మొదటిసారి చదువుతుంటే నాలుక తిరగదు కానీ అర్థం ఎంత బావుందో చూడండి: వెంట్రుకంత సన్నటి గొట్టంలో నీళ్లు ఎక్కడం.

ఆ నీళ్లు ఒట్టి నీళ్లు కావు. మట్టిలోని ఉప్పుల్ని కరిగించుకుని వస్తాయి. గోడ పైపొర దగ్గరికి వచ్చాక నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు స్ఫటికాలై అక్కడే మిగులుతుంది. ఆ స్ఫటికాలు పెరుగుతూ పూతని వెనక నుంచి నెడతాయి. పెచ్చు ఊడేది అందుకే. గోడ మీద తెల్లగా దూదిలా కనిపించేది ఆ ఉప్పే.

ఇప్పుడు మా గోడ అసలు కథ. ఆరేళ్ల కిందట కింద రెండడుగులే రాలేది. అప్పుడు మావయ్య మంచికే మూడడుగుల ఎత్తు దాకా గట్టి సిమెంటు పూత వేయించాడు. సిమెంటు పూతలోంచి తడి అంత తేలిగ్గా బయటికి పోదు. దాంతో నీళ్లు సిమెంటు వెనకే పైకి ఎక్కి, సిమెంటు అయిపోయిన చోట, అంటే మూడడుగుల పైన, కొత్తగా రాలడం మొదలుపెట్టాయి. దాని మీద నేను పుట్టీ కూడా పెట్టాను. మేస్త్రీ గారు ఒక్క ముక్కలో చెప్పారు: "సిమెంటు గట్టిది అమ్మాయ్. మెత్తటి గోడకి గట్టి చొక్కా వేస్తే గోడే చిరుగుతుంది."

పాత గోడ విషయంలో నేను నేర్చుకున్న మొదటి సూత్రం ఇదే. పై పూత ఎప్పుడూ లోపలి గోడ కంటే కాస్త మెత్తగా ఉండాలి, గట్టిగా కాదు. చావాల్సి వస్తే పూత చావాలి, ఇటుక కాదు. పూత మళ్లీ వేసుకోవచ్చు.

డబ్బు ఖర్చు పెట్టే ముందు చేయాల్సిన నాలుగు పరీక్షలు

వీటికి పైసా ఖర్చు లేదు. సంక్రాంతికి ఇవి చేసుంటే నా 1,450 మిగిలేవి.

మొదటిది, చప్పుడు. వేలి కణుపులతో గోడంతా జానెడు జానెడుకీ కొట్టుకుంటూ పోవాలి. పట్టు ఉన్న చోట 'టక్' మంటుంది. పట్టు వదిలేసిన చోట 'డబ్' మంటుంది. అలాంటి చోటుని డొల్ల అంటారు. డొల్ల ఉన్న చోట సుద్దముక్కతో గీత గీసుకుంటూ పొండి. చివరికి గోడ మీద ఒక మ్యాప్ తయారవుతుంది. మా 12 అడుగుల గోడలో డొల్లంతా కింది నాలుగడుగుల్లోనే ఉంది. పైన ఆరడుగులూ రాయిలా ఉంది. కాంట్రాక్టర్ మొత్తం కొట్టేయాలన్న గోడలో సగానికి పైగా ముట్టుకోవాల్సిన అవసరమే లేదన్నమాట.

రెండోది, చెయ్యి. తడి వేలితో రుద్దితే తెల్లగా అంటిందంటే అది వెల్ల, అంటే సున్నం పూత. దాన్ని గీకకుండా పైన పుట్టీ గానీ పెయింట్ గానీ వేస్తే నా గతే. పెయింట్ వేసిన గోడైతే సెల్లోటేప్ అంటించి ఒక్కసారి లాగి చూడండి. టేపుకి పెయింట్ పెచ్చులు వస్తే ఆ పొర నమ్మదగింది కాదు.

మూడోది, ప్లాస్టిక్. రెండడుగుల పాలిథిన్ ముక్కని గోడకి ఆనించి నాలుగు అంచులూ టేపు వేసి ఒక రోజు వదిలేయాలి. గోడ వైపు నీటి చుక్కలు చేరితే తడి గోడలోంచి వస్తోంది. గది వైపు చేరితే గదిలో గాలి ఆడటం లేదు. రెండింటికీ మందు వేరు. మా దానికి గోడ వైపు, చూస్తుండగానే.

నాలుగోది, లైటు. రాత్రి గదిలో లైట్లన్నీ ఆపేసి, ఫోన్ ఫ్లాష్‌లైట్‌ని గోడకి ఆనించి పక్కవాటుగా వెలిగించండి. ఎత్తుపల్లాలన్నీ నీడలుగా కనిపిస్తాయి. గోడ ఎంత వంకరో కొలవాలంటే రెండు చివరలా రెండు మేకులు కొట్టి దారం బిగించి, దారానికీ గోడకీ మధ్య దూరం స్కేలుతో చూడాలి. మా గోడ మధ్యలో 22 మిల్లీమీటర్ల లోతు ఉంది.

నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి

మనకి అలవాటైన సంగతే. ఎర్రర్ ఒక లైన్లో చూపిస్తుంది, బగ్ ఇంకో ఫైల్లో ఉంటుంది. మా గోడ బగ్ గది బయట ఉంది.

మేస్త్రీ గారు ఇంటి వెనక్కి తీసుకెళ్లి చూపించారు. ఊళ్లో సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి ఎత్తు పెరిగింది. దానికి తగ్గట్టు అందరూ వాకిళ్లలో, దొడ్లలో మట్టి పోయించుకున్నారు. మా ఉత్తరం గోడకి బయట అడుగు ఎత్తున మట్టి ఆనుకుని ఉంది. దాని పక్కనే అమ్మమ్మ అంట్లు తోముకునే చోటు. రోజుకి రెండు పూటలా, ఎన్నో ఏళ్లుగా, ఆ నీళ్లన్నీ గోడ మొదట్లోకే ఇంకుతున్నాయి.

మట్టి తవ్వడం తేలిక. తమ్ముడూ నేనూ రెండు రోజుల్లో గోడ వెంట రెండడుగుల వెడల్పున మట్టి లాగేసి, గోడ నుంచి బయటికి వాలుగా చేశాం. అంట్ల చోటు మార్చడమే కష్టమైంది. అది తాతయ్య వేయించిన రాయి. పక్కనే కరివేపాకు చెట్టు నీడ. "ఇన్నేళ్లూ ఇక్కడే తోముకున్నా, ఇప్పుడు గోడకి నొప్పొచ్చిందా?" అంది అమ్మమ్మ. నేను కేశనాళికీయత చెప్పాను. ఆవిడ వినలేదు. చివరికి పాలిథిన్ ముక్క లోపలి వైపు చుక్కలు చూపించాను. కాసేపు చూసి, "అయితే ఆ రాయి కూడా తీసుకెళ్లి అటు వేయండి, కొత్త రాయి నాకొద్దు" అంది. రాయిని మేమిద్దరం దొర్లించుకుంటూ వెళ్లి పది అడుగుల అవతల వేసి, కింద సిమెంటు గచ్చు చేసి, నీళ్లు పోవడానికి ఒక పైపు పెట్టాం.

పాత గోడ బాగుచేయడంలో సగం పని ఇదే. నీళ్లు ఆపకుండా ఎంత ఖరీదైన పూత వేసినా అది అద్దెకున్నట్టే.

తీసేయాల్సింది, ఉంచాల్సింది

మే నెలలో పరీక్షలయ్యాక లోపలి పని మొదలైంది. సుద్దగీతల లోపల ఉన్నదే కొట్టాం. ఉలిని గోడకి ఏటవాలుగా పట్టి చిన్న సుత్తితో కొట్టాలి. నిటారుగా కొడితే ఇటుక పగులుతుంది. సిమెంటు పూత వచ్చాక వెనక ఇటుకలు నల్లగా, తడిగా ఉన్నాయి. ఇటుకల మధ్య పొడిపొడిగా అయిపోయిన సున్నాన్ని అరంగుళం లోతు గీకేశాం.

తరవాత ఏం చేశామంటే, ఏమీ చేయలేదు. మూడు వారాలు గోడని అలాగే వదిలేశాం. కిటికీలు తెరిచి, సాయంత్రాలు ఫ్యాన్ పెట్టి ఆరబెట్టాం. అమ్మమ్మ మంచం హాల్లోకి మార్చాం. ఇటుకల మీద ఉప్పు తెల్లగా నూగులా బయటికి వచ్చేది. దాన్ని పొడి కుంచెతో దులిపి ఎత్తి బయట పారేయాలి. నీళ్లతో కడగకూడదు. కడిగితే ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది. మే ఎండలు మొదటిసారి నాకు మంచి చేశాయి.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. సున్నం కంట్లో పడితే చాలా ప్రమాదం. కళ్లద్దాలు, గ్లౌజులు, మాస్కు లేకుండా ముట్టుకోవద్దు. కంట్లో పడితే వెంటనే చాలాసేపు నీళ్లతో కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఇంకోటి, పాత ఆయిల్ పెయింట్ పొరలు ఉన్న గోడల్ని పొడిగా గీకొద్దు. మన దేశంలో ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నియమం 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు పెయింట్‌లో ఎంత ఉందో మనకి తెలీదు. నీళ్లు చల్లి తడిమీద గీకి, ఆ చెత్తని వెంటనే ఎత్తేయాలి. చిన్నపిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకూడదు.

మాలు కలపడం, పూత వేయడం

గోడకి పూసే మిశ్రమాన్ని మేస్త్రీలు 'మాలు' అంటారు. మేస్త్రీ గారు చెప్పిన పాళ్లు: నానబెట్టిన సున్నం ఒక వంతు, ఇటుక పొడి ఒక వంతు, జల్లించిన ఇసుక రెండు వంతులు. సంచుల్లో దొరికే సున్నం పొడిని ముందు రోజే నీళ్లలో నానబెట్టి, వెన్నలా అయ్యాక వాడాం. ఇటుక పొడికి ఖర్చు లేదు. దొడ్లో పడున్న పగిలిన ఇటుకల్ని తమ్ముడు రోకలితో దంచాడు, నేను జల్లెడ పట్టాను. ఒట్టి సున్నం గట్టిపడాలంటే గాలి తగలాలి, చాలా రోజులు పడుతుంది. మెత్తటి ఇటుక పొడి కలిస్తే సున్నం దాంతో చర్య జరిపి చెమ్మలో కూడా పట్టు తెచ్చుకుంటుంది. సిమెంటు రాక ముందు మన దగ్గర చాలా కట్టడాలు ఇలాంటి తెలివి మీదే నిలబడ్డాయి. 1591లో కట్టిన చార్మినార్ మీద నగిషీలు కూడా సున్నం పనే.

పూత వేసే ముందు ఇటుకల మీద నీళ్లు చిలకరించాలి. కారకూడదు, ఇటుక దాహం తీరాలి, అంతే. లేకపోతే మాలులోని తడినంతా ఇటుక తాగేసి పూత పొడిబారి రాలుతుంది. మొదటి పూత వేలి మందం కంటే తక్కువ, సుమారు 8 నుంచి 10 మిల్లీమీటర్లు. అది కాస్త బిగిశాక మేకుతో అడ్డదిడ్డంగా గీతలు గీశాం, రెండో పూతకి పట్టు దొరకడానికి. నాలుగు రోజుల తరవాత రెండో పూత. గుంట ఎక్కువ ఉందని ఒకేసారి మందంగా కొడితే బీటలు ఖాయం.

తాపీ పట్టుకోవడం రాయడం నేర్చుకున్నట్టే ఉంది. మొదట నేను వేసింది వేసినట్టే కింద పడేది. "చేత్తో అదమకు అమ్మాయ్, మోచెయ్యి కదిలించి విసురు" అనేవాడాయన. ఆయన ఒక చదరపు గజం పూసేలోపు నేను ఒక జానెడు పూసేదాన్ని. రెండో రోజు మధ్యాహ్నానికి ఒక తాపీడు మాలు కింద పడకుండా గోడకి నిలబడింది. సెమిస్టర్ రిజల్ట్స్ చూసినప్పుడు కూడా అంత సంతోషం వేయలేదు.

పూత అయ్యాక వారం రోజులు తడి గోనె పట్టాలు వేలాడదీసి, పొద్దున సాయంత్రం నీళ్లు చిలకరించాం. సున్నం పనిలో తొందర పనికిరాదు.

వంకర గోడని తిన్నగా చేయాలా?

22 మిల్లీమీటర్ల గుంటని పూర్తిగా నింపి రసమట్టం పెట్టి చూసినా తప్పు పట్టలేనంత తిన్నగా చేయాలని నా పట్టుదల. మేస్త్రీ గారు నవ్వారు. పైన ఆరడుగుల పాత పూత వంకరగానే ఉంది. కింద నాలుగడుగులు మాత్రం తిన్నగా చేస్తే, రెండూ కలిసే చోట గట్టులా తేలి ఇంకా అసహ్యంగా కనిపిస్తుంది. కంటికి నొప్పి కలిగించేది వంకర కాదు, తెగిన అంచు.

అందుకే పాత పూత వంపునే అనుసరించి కొత్తది వేసి, కలిసే చోట అంచుని జానెడు వెడల్పున పలచగా లాగేశాం. పెద్ద గుంటని మాత్రం సగం నింపాం. ఇప్పుడు అక్కడ అతుకు ఉందని చెప్తే గానీ తెలీదు. నిగనిగలాడే పెయింట్ ప్రతి ఎత్తుపల్లాన్నీ చూపిస్తుంది, మెరుపు లేని సున్నం దాచేస్తుంది. బడ్జెట్ తక్కువ, గోడ వంకర అయితే మెరుపు లేనిదే వేసుకోండి. ట్యూబ్‌లైట్‌ని ఆ గోడకే ఆనించి బిగించకండి. ఎదుటి గోడకి మారిస్తే సగం వంకర కనిపించదు.

వెల్ల

వెల్లకి కాలేజీ తెరిచాక జూన్ చివర రెండు శనాదివారాలు వచ్చాను. గుల్ల సున్నం దొరికితే మంచి తెలుపు వస్తుందన్నారు గానీ మాకు దొరకలేదు, రాతి సున్నమే వాడాం. కిలో సున్నానికి సుమారు ఐదు లీటర్ల నీళ్లు, రాత్రంతా నాననిచ్చి, పాత పంచె గుడ్డలో వడగట్టి, కొంచెం జిగురు, చిటికెడు నీలిమందు. పలచగా మూడు పూతలు, పూతకీ పూతకీ మధ్య ఆరనివ్వాలి. ఒకసారి అడ్డంగా వేస్తే ఇంకోసారి నిలువుగా.

మొదటి పూత వేయగానే గోడ మీద ఏమీ కనిపించదు, నీళ్లు పూసినట్టుంటుంది. భయపడి చిక్కగా చేయకండి. ఆరుతున్న కొద్దీ తెల్లబడుతుంది. నేను భయపడి చిక్కగా వేసిన ఒక మూల ఇప్పటికీ చేతికి తెల్లగా అంటుతోంది.

లెక్క

సున్నం, 25 కిలోల సంచులు రెండు: 900 రూపాయలు.
ఇసుక, ఐదు సంచులు: 350.
మేస్త్రీ గారి కూలి, రెండు రోజులు: 2,200. వద్దన్నారు, అమ్మమ్మ బలవంతంగా చేతిలో పెట్టింది.
తాపీ, గీకుడు రేకు, కుంచెలు: 620.
కళ్లద్దాలు, మాస్కులు, గ్లౌజులు: 330.
జిగురు, నీలిమందు: 150.
అంట్ల చోటుకి సిమెంటు, పైపు: 750.
మొత్తం: 5,300 రూపాయలు.

సంక్రాంతికి నేను తగలేసిన 1,450 కూడా కలిపితే 6,750. నిజాయితీగా ఉండాలంటే అదీ కలపాలి. తమ్ముడి కూలి లెక్కలో లేదు, వాడు అప్పుడప్పుడూ గుర్తు చేస్తున్నాడు.

మీది సిమెంటు గోడ అయితే

మన తరం ఇళ్లలో, అద్దె గదుల్లో గోడలు ఎక్కువగా సిమెంటువే. వాటికి సున్నం మాలు అక్కర్లేదు. వాటిమీద పుట్టీ మంచిదే, కానీ వరస తప్పకూడదు. ముందు పై నాలుగు పరీక్షలు. తడి ఉంటే పైపు లీకేజీయో, పక్క బాత్‌రూమో, పైన డాబానో కనుక్కుని ఆపడం. డొల్ల తీసేసి సిమెంటు మాలుతో అతుకు వేసి, తడుపుతూ ఉంచి, తరవాత ఆరనివ్వడం. వదులు పెయింట్ గీకడం. అప్పుడు పుట్టీ, పలచగా రెండు పూతలు. లోతు గుంటలు పుట్టీతో నింపకండి, అది ముఖానికి పౌడర్ లాంటిది, గాయానికి కుట్లు కాదు. ఆరాక ఎమరీతో రుద్ది, దుమ్ము పూర్తిగా తుడిచి, ప్రైమర్, ఆ పైన మెరుపు లేని పెయింట్. డబ్బు తక్కువైతే పెయింట్‌లో తగ్గించుకోండి, గీకడంలో తగ్గించుకోకండి. గీకడానికి అయ్యేది డబ్బు కాదు, ఓపిక.

ఇప్పుడు గోడ ఎలా ఉంది

ఇది అక్టోబర్‌లో రాస్తున్నాను. వానలన్నీ అయిపోయాయి. గోడ పూర్తిగా బాగైందని చెప్తే అబద్ధం. కింద అడుగు మేర రంగు ఇంకా కాస్త ముదురుగానే ఉంది. సెప్టెంబర్‌లో రెండు చోట్ల అరచేతంత పూత ఊడింది. డెల్టాలో పునాది కింద నీళ్లు ఎక్కడికీ పోవు. కానీ ఊడింది పూతే, దాని వెనక ఇటుక గట్టిగా ఉంది. మిగిలిన సున్నం కుండలో నీళ్ల కింద అలాగే ఉంది, అలా ఉంచితే పాడవదు. ఆ రెండు అతుకులూ అమ్మమ్మే వేసింది. తాపీ లేకుండా, అన్నం గరిటెతో.

ఈ వానాకాలమంతా ఆవిడ ఆ గదిలోనే పడుకుంది. మొన్న దసరాకి మావయ్య వచ్చినప్పుడు గోడ మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు. ఆరేళ్ల కిందటి సిమెంటు గురించి ఆయనా ఏమీ అనలేదు, నేనూ అనలేదు. భోజనాల దగ్గర ఇల్లు అమ్మే మాట రాలేదు. వచ్చే ఏడు వస్తుందేమో, ఆవిడ వయసు గోడతో తేలే సంగతి కాదు కదా. ఈ ఏడాదికి మాత్రం గోడ వల్ల ఆవిడ ఇల్లు వదలాల్సిన పని పడలేదు.

చెమ్మ, డొల్ల, పెచ్చు, మాలు, తాపీ, వెల్ల. ఏడాది కిందట వీటిలో సగం మాటలు నాకు రావు. గోడకి ఏమైందో చెప్పమంటే 'డ్యామేజ్ అయింది' అని ఊరుకునేదాన్ని. చెమ్మ వేరు, డొల్ల వేరు అని పేర్లు తెలిశాకే ఏ చోట ఏం చేయాలో తెలిసింది. ఈ సెలవులకి మీ ఊరెళ్తే పాత గోడని ఒకసారి కొట్టి చూడండి. 'డబ్' మంటే పుట్టీ కొనే ముందు గది బయటికి వెళ్లి, గోడ వెనక నీళ్లు ఎక్కడ పడుతున్నాయో చూసి రండి.